కుక్క ఎడమకే వెళ్ళింది

శివరామరాజు గారి ఖాళీ ధాన్యం కొట్టులో మధ్యాహ్నం బయస్కోపు ఆడిస్తారని తెలిసి ఇంట్లో పిల్లలు అన్నాలు సరిగ్గా తినలేదు. వాళ్ళ సంగతి సరే, ఇంటి ఇల్లాలు జానకీదేవీ తినలేదు. దానికి కారణం బయస్కోపు కాదు. మర్నాడు పొద్దున్నే బేరగాడొచ్చి చంద్రుణ్ణి తోలుకుపోతాడు. వాడు తోళ్ళకు కొనేవాడు. వాడి చేతికి వెళ్ళిన పశువు మళ్ళీ ఏ కాడి కిందా మెడ పెట్టదని భీమవరం చుట్టుపట్ల పసిపిల్లలకు కూడా తెలుసు.

చంద్రుడు ఎద్దు. నుదుట నెలవంక లాంటి తెల్లమచ్చ ఉందని జానకీదేవే ఆ పేరు పెట్టింది, పుట్టింట్లో అది దూడగా ఉన్నప్పుడు. ఆమెను కాపురానికి పంపుతూ తండ్రి అరణంగా రెండు ఆవుల్నీ ఈ కోడెదూడనూ ఇచ్చాడు. ఆవులు ముసలివై పోయాయి. పుట్టింటి నుంచి తన వెంట వచ్చినవాటిలో ఇంకా ఊపిరితో ఉన్నది చంద్రుడొక్కడే. అత్తవారిది ఘోషా ఇల్లు. తెర కట్టిన మేనాలోనో, తెర కట్టిన పడవలోనో తప్ప ఆమె లోపలి వాకిలి దాటింది లేదు. అయితే వంటింటి పక్క గదికి ఒక చెక్కల కిటికీ ఉంది. ఆ చెక్కల సందుల్లోంచి చూస్తే పశువుల దొడ్డి కనిపిస్తుంది. రోజూ పొద్దున ఆమె అక్కడ నిలబడి, పనిమనిషి సూరమ్మ చేత కుడితిలో ఇంత తవుడు ఎక్కువ వేయించేది, ఓ బెల్లం ముక్క పంపేది. చంద్రుడు తినేసి, నింపాదిగా తల ఎత్తి కిటికీ వైపు చూసేది. తననే చూస్తోందని ఆమె నమ్మకం. ఇన్నేళ్ళ కాపురంలో చాలా నమ్మకాలు వచ్చాయి, పోయాయి గాని ఆ ఒక్కటీ చెక్కుచెదరలేదు.

ఇంతకీ ఎద్దు చేసిన నేరం ఏమిటంటే, కుడి ఎడమలు తెలియకపోవడం. కాడికి ఎడమ పక్క కట్టేదాన్ని దాపటిది అంటారు, కుడి పక్కదాన్ని వలపటిది అంటారు. ఒక పక్కకు మరిగిన ఎద్దు ఆ పక్కనే బతుకు వెళ్ళదీస్తుంది. చంద్రుడు దాపటిది. కిందటేడు దాని జోడు ఎద్దు జబ్బు చేసి చచ్చిపోతే, శివరామరాజు సంతకు వెళ్ళి నిగనిగలాడే మరో ఎద్దును కొనుక్కొచ్చాడు. మోజులో పడి అది ఏ పక్కదో అడగడం మరిచిపోయాడు. ఆ మాట ఇప్పటికీ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇంటికి తెచ్చి కట్టి చూస్తే అదీ దాపటిదే. పైగా పొగరుబోతు, పక్క మారనని మొండికేసింది. చంద్రుడు సాధువు కనక దాన్నే కుడి పక్కకు మార్చారు. సర్దుకుపొమ్మని లోకం చెప్పేది ఎప్పుడూ సాధువులకే కదా.

అప్పట్నించీ దాని వరస తిరగబడింది. కుడికి అదిలిస్తే ఎడమకు లాగుతుంది, ఎడమకు అదిలిస్తే కుడికి. దుక్కికీ పనికిరాలేదు, దమ్ముకీ పనికిరాలేదు. పాలేరు అబ్బులు బతిమాలాడు, తిట్టాడు, ఆఖరికి ములుకర్ర కూడా చేతబట్టాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. తెలివున్న పశువైతే ఒక దుక్కిలోనే నేర్చుకునేదనీ, ఇది వట్టి మొద్దనీ శివరామరాజు తేల్చేశాడు. సార్వా కోతలకు బండి కట్టాలి, ధాన్యం తోలాలి. అప్పటిదాకా దీన్ని కూర్చోబెట్టి మేపడం ఆయనకు కుదరదు. దుర్మార్గుడేమీ కాదాయన. వ్యవసాయం చేసేవాడు, అంతే.

జానకీదేవి అడగలేదా అంటే అడిగింది. ఒకసారి మెల్లగా, ఒకసారి ఏడుపు గొంతుతో. పుట్టింటిది కనక నీకు ముద్దు, నాకు పని కావాలి అని ఆయన అన్నాడు. అత్తగారు బంగారమ్మ కూడా కొడుకు పక్షమే. ఎద్దు కోసం మొగుడితో పేచీ పడే కోడల్ని ఆవిడ ఎక్కడా చూడలేదట.

ఈ గొడవ మధ్యలోకి పల్లంరాజు దిగాడు. శివరామరాజుకు పినతండ్రి కొడుకు. రాజమండ్రిలో చదివి బి.ఏ. ప్యాసయ్యాడు. ఆ కుటుంబంలో అంతవరకూ ఎవరూ చదవనంత చదివాడు కనక అతను దగ్గినా అందరూ శ్రద్ధగా వినేవారు. రాజమండ్రి నుంచి కాలవ పడవలో బయస్కోపు యంత్రాన్నీ, దాన్ని తిప్పే చిట్టియ్యనీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటిల్లిపాదికీ కదిలే బొమ్మలు చూపిస్తానన్నాడు. అయితే ఊరికే బొమ్మలు చూపిస్తే పిల్లలు చెడిపోతారట. అందుకని బొమ్మలతో పాటు ఒక ఉపన్యాసం కూడా ఇస్తానన్నాడు. దాని పేరు జంతువుల తెలివితేటలు.

ఈ కబురు సూరమ్మ నోట విన్నప్పుడు జానకీదేవి గుండె ఒక్కసారి లేచి కూర్చుంది. తన మాట చెవిన పెట్టని భర్త బి.ఏ. చదివినవాడి మాట కాదంటాడా? ఆమె తలుపు చాటుకు వచ్చి మరిదికి కబురంపింది. అతను తలుపుకు ఆవల నిలబడ్డాడు.

"నోరు లేని జీవాలకు తెలివి ఉంటుందా బాబుగారూ?"

"ఉంటుందండి వదినగారూ. ఇవాళ అదే రుజువు చేస్తాను. కళ్ళారా చూద్దురు గాని."

ఆ మాట విన్నాక ఆమె కాస్త మజ్జిగన్నం తింది.

సాయంత్రం పెడితే దీపప్పురుగులు ముసిరి బొమ్మ కనబడదని, మధ్యాహ్నమే కొట్టు తలుపులు మూసి, గవాక్షాలకు గోనెలు కప్పి చీకటి చేశారు. ఆడవాళ్ళెక్కడ కూర్చోవాలన్నది పెద్ద తగువైంది. ముందు కూర్చుంటే మగవాళ్ళకు కనబడతారు. అడ్డంగా తెర కడితే వాళ్ళకు బొమ్మ కనబడదు. చిట్టియ్యకు ఇలాంటి ఇళ్ళు కొత్త కాదు. బొమ్మ పడే తెల్లగుడ్డనే కొట్టు నడిమధ్య అడ్డంగా కట్టించి, బిందెడు నీళ్ళతో తడిపాడు. తడిసిన గుడ్డ మీద పడ్డ బొమ్మ వెనక్కి కూడా దిగుతుంది. ముందు మగవాళ్ళూ పిల్లలూ, వెనక ఆడవాళ్ళు. ఒక్క గుడ్డతో బొమ్మా ఘోషా రెండూ నిలబడ్డాయని బంగారమ్మ మెచ్చుకుని, అతనికి గ్లాసుడు పాలు పంపింది.

యంత్రం కుట్టుమిషను చప్పుడు చేస్తూ మొదలైంది. గుడ్డ మీద ఏనుగులు స్నానం చేశాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. తెర వెనక ఆడవాళ్ళు కూడా ముక్కుల మీద వేళ్ళేసుకున్నారు. జానకీదేవి మాత్రం ఉపన్యాసం కోసం కాచుకుని కూర్చుంది.

తీరా ఉపన్యాసం మొదలయ్యాక ఆమెకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పశ్వాదులయందు వివేచనాశక్తి కలదా లేదా అన్నాడు. సహజప్రేరణ వేరు, బుద్ధిపూర్వక వ్యాపారము వేరు అన్నాడు. వ్యాపారం అనగానే ఆమెకు బేరగాడు గుర్తొచ్చాడు. బంగారమ్మ అయితే కోడలి చెవిలో, వాడు తెలుగే మాట్లాడుతున్నాడా అని అడిగింది. చివరికి పల్లంరాజు గొంతు పెంచి, ఇదంతా మాటలతో చెప్పడం కంటే చూపించడం మేలన్నాడు. చిట్టియ్య యంత్రానికి ఇంకో బొమ్మల చుట్ట ఎక్కించాడు.

ఈసారి గుడ్డ మీదికి టోపీ పెట్టుకున్న ఒక దొర వచ్చాడు. ఎదురుగా బల్ల మీద రెండు బుట్టలు, ఆ చివరొకటి, ఈ చివరొకటి. పక్కన మచ్చల కుక్క. దొర నోరు కదిపాడు గాని బొమ్మకు శబ్దం లేదు కనక ఆ మాటలు పల్లంరాజే చెప్పాడు.

"మన కుడిచేతి వైపున్న బుట్ట తెమ్మంటున్నాడు. చూడండి."

జానకీదేవి కళ్ళప్పగించి చూసింది. కుక్క పరిగెత్తుకుంటూ వెళ్ళి ఎడమచేతి వైపు బుట్ట తెచ్చింది. అయ్యో, తప్పు చేసింది పాపం అనుకుంది ఆమె. తెరకు ఆవల మగవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు ఎడమచేతి వైపుది" అన్నాడు పల్లంరాజు. కుక్క కుడిచేతి వైపుది పట్టుకొచ్చింది. మళ్ళీ చప్పట్లు. దొర దాని తల నిమిరాడు. చూశారా దాని తెలివి, చెప్పిన మాట చెప్పినట్టు గ్రహించింది అని పల్లంరాజు ఒకటే పొగడ్త.

ఇది చదివేవాళ్ళకు ఈపాటికి సంగతి తెలిసిపోయే ఉంటుంది. పల్చటి గుడ్డకు వెనక నుంచి చూస్తే అద్దంలో లాగా కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. మనకు తెలుసు గనక మనం నవ్వుకోవచ్చు. ఆ కొట్టులో కూర్చున్నవాళ్ళు అంతకు ముందు కదిలే బొమ్మను ఎన్నడూ చూడలేదు, దానికి వెనకా ముందూ తేడా ఉంటుందని వాళ్ళకు ఎవరు చెప్పాలి? ఒక్క చిట్టియ్యకు తెలుసు. అడిగితే చెప్పేవాడే. అతన్ని ఎవరూ అడగలేదు. అడగనిదే నోరు విప్పితే పెద్ద ఇళ్ళలో ఏమవుతుందో అతను అనుభవం మీద నేర్చుకున్నాడు.

జానకీదేవి తన చేతులు చూసుకుంది. అన్నం తినే చెయ్యి ఇది, కాబట్టి ఇది కుడి. సందేహం లేదు. పక్కనున్న ఆడవాళ్ళు కూడా చేతులు చూసుకుంటున్నారు. బొమ్మకు చెవులుండవు, అది మాటెలా వింటుంది అని ఒకావిడ అంది. దొరల దేశంలో కుడిని ఎడమంటారేమో అంది బంగారమ్మ. ఇంకొకావిడ, మగవాళ్ళు దేనికైనా చప్పట్లు కొడతారని తీర్మానించింది. ఏ మాటా జానకీదేవికి నచ్చలేదు. చెప్పినదానికి కుక్క సరిగ్గా ఎదురు చేసింది. ఒకసారి కాదు, ప్రతిసారీ. పొరపాటైతే ఒక్కసారైనా తప్పి సరిగ్గా చేసి ఉండేది. దాన్ని చదువుకున్నవాడు తెలివి అంటున్నాడు, భర్త చప్పట్లు కొడుతున్నాడు. ఆయన ఉంగరం చప్పుడు కూడా ఆమెకు వినిపించింది. అయితే మరి చంద్రుడు చేసేదేమిటి? కుడికంటే ఎడమకు, ఎడమకంటే కుడికి, ప్రతిసారీ. కుక్క చేస్తే తెలివీ ఎద్దు చేస్తే మొద్దుతనమూనా?

ఆశ ఒక పక్క, అయోమయం ఒక పక్క. ఆమె ఉండబట్టలేక సూరమ్మను పిలిచి, తెరకు ఆవలికి వెళ్ళి తన మరిదిని అడిగి రమ్మంది. కుడి అన్నప్పుడల్లా కుక్క ఎడమకు పోతోంది కదా, అది తెలివి ఎలా అయింది అని.

సూరమ్మ గుడ్డ చివర నుంచి అటు వెళ్ళింది. వెళ్ళి నోరు తెరుచుకుని అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి ఏమీ అడక్కుండానే తిరిగొచ్చింది.

"అమ్మగారండీ, అటు పక్క కుక్క వేరండి. అది సరిగ్గానే వెళ్తంది. ఇటుపక్కదే తిరకాసుది."

రెండు కుక్కలంటే జానకీదేవికి ఉన్న మతి కూడా పోయింది. గుడ్డ ఒకటే, దొర ఒకడే, కుక్కలు రెండెలా అవుతాయి? అడగవలసింది అడిగి రమ్మని సూరమ్మను మళ్ళీ తోలింది. ఈసారి సూరమ్మ కళ్ళు మూసుకుని అడిగేసింది. ఆవల నవ్వులు పుట్టాయి. ఆడవాళ్ళకు కుడి ఎడమలు తెలియవు పాపం అని ఎవరో అన్నారు. బంగారమ్మకు ఒళ్ళు మండి, ఒరేయ్ పల్లం, మీరు ఏ చేత్తో అన్నం తింటారో మేమూ ఆ చేత్తోనే తింటాం, మళ్ళీ తిప్పించరా ఆ కుక్కని అని గుడ్డ వెనక నుంచే గదమాయించింది.

చిట్టియ్య మళ్ళీ తిప్పాడు. ముందువాళ్ళు కుడి అన్నారు, వెనకవాళ్ళు ఎడమన్నారు. ఒకే ఇంటివాళ్ళు, ఒకే ఉప్పు తినేవాళ్ళు, కళ్ళెదుట ఉన్న ఒక్క కుక్క గురించి ఒక్క మాట మీదకు రాలేకపోయారు. పల్లంరాజు తన బి.ఏ. అంతా వెతికాడు గాని అందులో దీనికి జవాబు దొరకలేదు. దృష్టిభేదమన్నాడు, ఇంకేదో అన్నాడు. ఇక చాలు, తలుపులు తీయండి అన్నాడు శివరామరాజు. ఆయన గొంతులో ఉన్న కోపం గుడ్డకు ఇవతల జానకీదేవి ఒక్కదానికే అర్థమైంది.

సాయంత్రం ఆయన గదిలోకి వచ్చి కూర్చున్నాడు. నలుగురిలో ఆ ప్రశ్న ఎందుకు వేయించావని అడిగాడు. ఆమె తాంబూలం పళ్ళెం ముందు పెట్టి దూరంగా నిలబడింది.

"కుక్క కుడికే వెళ్ళింది. నేను చూశాను" అన్నాడు.

"ఎడమకు వెళ్ళిందండి. నేనూ చూశాను."

"అంతమందిమి అబద్ధం చెబుతామా?"

"మేమూ అంతమందిమి ఉన్నామండి. ఒక్కసారి మీరు ఇటు వచ్చి చూసుంటే తెలిసేది."

"ఆడవాళ్ళ మధ్యకు నేనెలా వస్తాను?"

"నన్ను అటు రానివ్వరు కదండీ."

ఆయన తమలపాకు చేతిలోకి తీసుకున్నాడు. భార్య అబద్ధమాడే మనిషి కాదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. తన కళ్ళూ బాగానే ఉన్నాయి. ఈ రెండూ నిజమైతే ఆ కుక్క ఏ పక్కకు వెళ్ళినట్టు? ఆలోచించిన కొద్దీ ఆయనకు చిరాకు ఎక్కువైంది. ఆమె అదను చూసి చంద్రుడి మాట ఎత్తింది. కుక్కకు తెలివుంటే దానికీ ఉన్నట్టే కదా అంది. ఆయన ఆకు పళ్ళెంలో పడేశాడు. బేరగాడికి మాట ఇచ్చేశాననీ, పొద్దున్నే వస్తాడనీ చెప్పి లేచి వెళ్ళిపోయాడు.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. చీకటి పడుతోంది. చంద్రుడు నెమరు వేస్తూ పడుకుని ఉంది. దాన్ని చూస్తుంటే ఆమెకు ఒక్కటి తోచింది. కుక్క సంగతి ఎవరికీ తేలలేదు, అది దేశంకాని దేశపు కుక్క, గుడ్డ మీది కుక్క. చంద్రుడు గుడ్డ మీది బొమ్మ కాదు. దానికి తనెవరో తెలుసు. తను ఎదురుగా నిలబడి పేరు పెట్టి పిలిస్తే తప్పకుండా వస్తుంది. నలుగురి ముందూ వస్తే ఇక దాన్ని మొద్దని ఎవరంటారు? ఎటొచ్చీ తను దొడ్డిలోకి వెళ్ళాలి. ఆ ఇంటి కోడళ్ళెవరూ చెయ్యని పని. ఆమెకు చాలా భయమేసింది. చంద్రుడు పోతే ఈ ఇంట్లో తనకంటూ ఏదీ మిగలదన్న భయం దానికంటే పెద్దది.

పొద్దున్నే బేరగాడు వచ్చాడు. దొడ్డిలో శివరామరాజు, పల్లంరాజు, అబ్బులు చూస్తుండగా చంద్రుడి పలుపు విప్పి చేతబట్టాడు. బంగారమ్మ పూజలో ఉంది. జానకీదేవి లోపలి వాకిలి గడియ తీసి, చెంగు నిండా కప్పుకుని, దొడ్డిలోకి నడిచింది. కుడితి గోలెం దగ్గరికి బయల్దేరిన సూరమ్మ ఆ దృశ్యం చూసి, అయ్యో అమ్మగారండీ అంటూ వెనకే పరిగెత్తింది.

ఘోషా ఇంటి ఇల్లాలు ఎదురైతే మగవాళ్ళు మొహం తిప్పుకోవాలి, అది మర్యాద. అబ్బులు గోడకేసి తిరిగాడు. బేరగాడికి ఏం జరుగుతోందో తెలియక చూస్తుంటే అబ్బులు వాడి భుజం పట్టి తిప్పాడు. ఆ తిప్పడంలో వాడి చేతిలోని పలుపుతాడు జారిపోయింది. పల్లంరాజు గడ్డివామి వైపు తిరిగి బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు. తిరగనివాడు శివరామరాజు ఒక్కడే.

జానకీదేవికి ముందు దిక్కు తెలియలేదు. కిటికీలోంచి చెక్కల సందుల మధ్య ముక్కలు ముక్కలుగా చూసిన దొడ్డి ఇది కాదనిపించింది. ఎడమ పక్క ఉండవలసిన గోలెం కుడి పక్కన ఉంది. చంద్రుడు తను అనుకున్నదానికంటే చాలా పెద్దది, కొమ్ములు చూస్తే భయం వేసేంత పెద్దది. ఆమె వెనక్కి తిరిగి తన కిటికీ ఎక్కడుందో వెతికింది. అదిగో అక్కడ, గోడలో ఒక చీకటి మచ్చ. ఇటు నుంచి చూస్తే అందులో ఏమీ లేదు. చెక్కలు కూడా సరిగ్గా కనబడవు. అది చూసి ఆమె మనసులో ఏదో కలుక్కుమంది గాని అదేమిటో ఆలోచించే వ్యవధి లేదు.

"చంద్రుడూ, ఇలా దా" అని పిలిచింది.

ఎద్దు చెవులు నిక్కబొడిచింది. ఆమెను చూసింది. ఆ దొడ్డిలో ఆ క్షణాన ఆమె మొహంలోకి చూస్తున్నవి భర్త కళ్ళూ దాని కళ్ళూ మాత్రమే. ఎద్దు పట్టుచీర గరగరకు బెదిరి బుసకొట్టి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె మళ్ళీ పిలిచింది, ఈసారి గట్టిగా, పుట్టింటి పెరట్లో దూడను పిలిచినట్టు. ఎద్దు తల ఊపింది. తాడు ఈడ్చుకుంటూ కదిలింది. ఒక్కొక్క అడుగూ వేస్తూ ఆమె వైపే వస్తోంది. జానకీదేవికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి చాచింది.

చంద్రుడు ఆ చేతిని దాటి, ఆమె పక్క నుంచి వెళ్ళి, వెనక నిలబడ్డ సూరమ్మ అరచేతిలో మూతి పెట్టింది.

సూరమ్మ మొహం పాలిపోయింది. నేను కాదురా, అమ్మగారు, అమ్మగారి దగ్గరికి పోరా అని గొణుగుతూ దాని మెడ పట్టి తొయ్యబోయింది. అది కదలలేదు. ఇన్నేళ్ళూ బెల్లం పెట్టిన చేతిని నాకుతూ అక్కడే నిలబడింది.

"వచ్చిందాండి వదినగారూ?" అని గడ్డివామి వైపు నుంచి పల్లంరాజు అడిగాడు.

జానకీదేవి భర్త వైపు చూసింది. ఆయన అంతా చూశాడు. ఎద్దు ఎవరి దగ్గరికి వెళ్ళిందో చూశాడు, చాచిన చెయ్యి అలాగే ఉండిపోవడమూ చూశాడు.

"వచ్చింది" అన్నాడు శివరామరాజు. "పిలవగానే వచ్చింది."

చెప్పాను కదండీ అన్నయ్యగారూ అని పల్లంరాజు గడ్డివామితోనే సంబరంగా అన్నాడు. శివరామరాజు బేరగాడితో ఎద్దును అమ్మడం లేదనీ, వచ్చిన శ్రమకు అన్నం తిని వెళ్ళమనీ చెప్పాడు. మాట తప్పడం ఆయనకు అలవాటు లేదు. ఇల్లాలు ఇంకోసారి వాకిలి దాటుతుందన్న భయంతో అన్నాడో, మరెందుకన్నాడో ఆయనకే తెలియదు. చంద్రుడు బతికింది. దాని తెలివి మాత్రం రుజువు కాలేదు. రుజువైందనుకుందామంటే అది జానకీదేవికి కావలసిన రుజువు కాదు.

ఆయన దగ్గరికి వచ్చి, లోపలికి వెళ్ళు, అంతా అయింది కదా అన్నాడు. ఆమె కదలలేదు. సంతోషించాలో ఏడవాలో ఆమెకు తెలియడం లేదు. ఏడుపే ముందొచ్చింది.

"అది నా దగ్గరికి రాలేదండి."

"నువ్వెవరో దానికెలా తెలుస్తుంది?" అన్నాడు ఆయన, ఓదార్చుదామనే. "దూడప్పటి మాట దానికేం గుర్తుంటుంది? ఆ తరవాత నిన్ను ఎప్పుడైనా చూసిందా అది?"

ఆమె తల ఎత్తి భర్త మొహంలోకి చూసింది. ఆ మాట ఎంత నిజమో ఆయనకు అన్నాక గాని తట్టలేదు. పూజ గదిలోంచి బంగారమ్మ గంట చప్పుడు వినిపిస్తోంది. గోడకేసి తిరిగినవాళ్ళు ఆమె ఎప్పుడు లోపలికి వెళ్తుందా అని ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. వెళ్ళమని శివరామరాజు రెండోసారి అనలేదు. జానకీదేవి చెంగుతో కళ్ళు తుడుచుకుని, ఎద్దు ఎదురుగా, దానికి తన మొహం బాగా కనిపించేలా వెళ్ళి నిలబడింది.